సెల్లార్‌లో ఏడు ఆదివారాలు: నల్ల కారుకి సొంత పాలిష్

నవంబర్ 9

దసరాకి కారుకి పూజ చేయించాం. బానెట్ మీద గంధం, దాని మీద కుంకుమ. ఆ బొట్టు వారం రోజులు బెజవాడ ఎండలో ఎండిపోయింది. తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచే కుర్రాడు పొడిగుడ్డతో గట్టిగా రుద్ది తీసేశాడు. ఎండిన గంధం ఉప్పుకాగితంతో సమానమని వాడికీ తెలీదు, నాకూ తెలీదు.

ఇవాళ సెల్లార్‌లో ఫోన్ టార్చ్ వేసి చూశాను. బొట్టు ఉన్నచోటే కాదు, కారంతా సన్నటి గీతల సాలెగూడే. టార్చ్ ఎటు జరిపితే గూడు అటు జరుగుతోంది. నిజానికి గీతలు గుండ్రంగా లేవు, అన్ని దిక్కులకీ ఉన్నాయి. వెలుగుకి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి దీపం చుట్టూ వలయాల్లా కనిపిస్తాయి. 2017 మోడల్ నల్ల ఐ20. తెల్ల కారైతే ఇవన్నీ ఉన్నా కళ్లకి ఆనవు. నలుపు కొన్న పాపానికి అన్నీ కనిపిస్తాయి.

రెండేళ్ల కిందట ఒక షాపులో రబ్బింగ్ పాలిష్ చేయించాను. ఇంటికి తెచ్చిన రోజు అద్దంలా ఉంది. నాలుగు వాష్‌లయ్యాక పాత గీతలు తిరిగొచ్చాయి, వాటికి తోడు ఎండలో నీడల్లాంటి చారలు కొత్తగా చేరాయి. గీతల్ని తీయకుండా నూనెలతో నింపి కప్పేస్తే ఇలాగే అవుతుందని, ఆ చారలు రోటరీ మెషీన్ వదిలిన గుర్తులని ఈ మధ్యే తెలిసింది. మళ్లీ ఎవరికో డబ్బులిచ్చే బదులు నేనే చేస్తానని ఇంట్లో ప్రకటించాను. మా ఆవిడ ఒకటే అడిగింది: "పాడైతే పెయింటింగ్‌కి ఎంతవుతుంది?" ఆ అంకె చెప్పలేదు.

నవంబర్ 16

వారమంతా మెషీన్ గురించే ఆలోచన. మా బావ ఫోన్ చేసి తన దగ్గరున్న గ్రైండర్ తీసుకెళ్లమన్నాడు, దానికి ఊలు టోపీ తొడిగితే సరిపోతుందట. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. పాలిష్ చేసే రోటరీ మెషీన్ 600 నుంచి 3,000 మధ్య నడుస్తుంది. బావకి థ్యాంక్స్ చెప్పి, గ్రైండర్ అక్కడే ఉంచమన్నాను.

ఇక మిగిలినవి రెండు రకాలు. రోటరీ అంటే తిరగలి. మధ్యలో మేకు కదలదు, రాయి గిర్రున తిరుగుతుంది. గీతల్ని గబగబా కోస్తుంది, అంతే గబగబా వేడెక్కిస్తుంది. ఒకేచోట రెండు క్షణాలు ఎక్కువ ఉంచితే, ముఖ్యంగా అంచుల మీద, పెయింట్ కాలిపోవచ్చు. రెండోది డ్యూయల్ యాక్షన్, అందరూ డీఏ అంటారు. తిరగలి తిరుగుతూ ఉండగా ఆ మేకు కూడా చిన్న వలయంలో ఊగుతుంటే ఎలా ఉంటుందో అది. ప్యాడ్ ఒకే దారిలో తిరగదు కాబట్టి వేడి తక్కువ, చారలు తక్కువ. గట్టిగా నొక్కితే తిరగడమే మానేస్తుంది. కొత్తవాడికి ఇది లోపం కాదు, రక్షణ. ఆ ఒక్క మాటతో డీఏ ఖాయమైంది.

ఆ ఊగే వలయం ఎంత పెద్దదన్నది తర్వాతి ప్రశ్న. దాన్ని త్రో అంటారు. 8, 15, 21 మిల్లీమీటర్లు మామూలుగా దొరికేవి. 8 అయితే వంపుల మీద బాగా నడుస్తుంది, పని నిదానం. 21 అయితే రూఫ్ లాంటి చదును చోట్ల హాయి, మిర్రర్ కింద, డోర్ హ్యాండిల్ దగ్గర ఇబ్బంది. నేను 15కి వచ్చి ఆగాను.

డాలస్‌లో ఉండే మా తోడల్లుడు సంక్రాంతికి వస్తూ పోర్టర్ కేబుల్ 7424ఎక్స్‌పీ పట్టుకొస్తానన్నాడు. అక్కడి హాబీవాళ్లు ఏళ్ల తరబడి వాడిన 8 మిల్లీమీటర్ల మెషీన్ అది, మంచిదే. కానీ అది 120 వోల్ట్‌లది, 4.5 ఆంపియర్లు లాగుతుంది. మన 230లో పెడితే మొదటి సెకనులోనే పొగ. దానికి సరిపడా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే అదొక బండరాయి, దాన్ని కారు చుట్టూ ఈడ్చుకు తిరగాలి. "నువ్వు రా, మెషీన్ వద్దులే" అన్నాను. ఇటలీ వాళ్ల రూపెస్ బిగ్‌ఫుట్ చాలాసేపు చూసి ధర దగ్గర ఆగిపోయాను. చివరికి ఏడు వేల లోపు, మన ప్లగ్గుకి పనికొచ్చేది, ప్యాడ్‌ని పట్టి ఉంచే అయిదంగుళాల బ్యాకింగ్ ప్లేట్‌తో ఒకటి ఆర్డర్ పెట్టాను.

నవంబర్ 23

మెషీన్ వచ్చింది. రెండున్నర కిలోలు ఉంటుంది. చేతిలో పట్టుకుంటే బరువనిపించలేదు. (పక్క ప్యానెల్ మీద పావుగంట అడ్డంగా పట్టుకున్నాక అభిప్రాయం మారింది, కానీ అది తర్వాతి కథ.)

తెలివిగా ఒక స్పేర్ బ్యాకింగ్ ప్లేట్ కూడా కొన్నాను, అది పట్టలేదు. రోటరీలకి వాడే ఎం14 మర ఉన్నది కొన్నానట. నా మెషీన్‌ది ఎం8. అమెరికా మెషీన్లలో 5/16 అంగుళాల మర ఉంటుంది, చూడ్డానికి ఎం8 లాగే ఉంటుంది కానీ అదీ వేరే. ప్లేట్ కొనేముందు మర చూసుకోవాలి. వెనక్కి పంపేశాను.

ప్యాడ్‌లు మూడు కొన్నాను. గట్టి ఫోమ్ ఒకటి, మధ్యరకం ఒకటి, మెత్తది ఒకటి. మూడూ అయిదున్నర అంగుళాలవి, అంటే ప్లేట్ కన్నా కొంచెం పెద్దవి. ప్యాడ్ ప్లేట్‌తో సమానంగా ఉంటే అది పక్కకి జరిగినప్పుడు ప్లేట్ అంచు పెయింట్‌కి తగులుతుంది. రంగుల్ని నమ్మకూడదు. ఒక కంపెనీలో పసుపు గట్టిదైతే ఇంకోదాంట్లో పసుపు మధ్యరకం. వేలితో నొక్కి చూడటమే దారి. మైక్రోఫైబర్ ప్యాడ్‌లు, ఊలు ప్యాడ్‌లు ఇంకా బాగా కోస్తాయి. మొదటి కారు మీదే వాటి జోలికి వెళ్లదలచుకోలేదు.

పాలిష్‌లలో రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో రాపిడి గుళికలు రుద్దేకొద్దీ చితికి సన్నబడతాయి. జర్మనీ మెన్‌జెర్నావి ఆ తరహా. ముందే ఆపేస్తే గరుకుదనం మిగిలిపోతుంది, చివరిదాకా నడపాలి. రెండోదాంట్లో గుళికలు మొదటి నుంచీ సన్నవే, చివరిదాకా అంతే ఉంటాయి. ఎప్పుడు ఆపినా ఫరవాలేదు. ఎప్పుడు ఆపాలో తెలియని నాలాంటివాడికి రెండోదే నయం. అందుకని మెగ్వయర్స్ అల్టిమేట్ కాంపౌండ్ (గీతల్ని కోసేది) ఒకటి, వాళ్లదే 205 (చివర్లో మెరుపు తెచ్చే సన్న పాలిష్) ఒకటి తీసుకున్నాను. వాళ్ల 105 కాంపౌండ్ ఇంకా గట్టిగా కోస్తుందట. కానీ త్వరగా ఎండి పొడిపొడిగా రాలుతుందని చాలామంది గోల. మన వేడికి అదెందుకని వదిలేశాను.

మూడు ప్యాడ్‌లు సరిపోతాయనుకున్నాను. ఈ డైరీ మొత్తంలో పెద్ద తప్పు ఇదే.

నవంబర్ 30

కారు జోలికి వెళ్లకుండా ఆటోనగర్ వెళ్లి పాత మారుతి 800 బానెట్ తుక్కు ధరకి తెచ్చుకున్నాను. ఎర్రది. అక్కడ మాకు తెలిసిన పెయింటర్ భాయ్ షెడ్డులోనే దాన్ని రెండు స్టూళ్ల మీద పెట్టించాడు. నా మెషీన్ చేతిలో పట్టి చూసి, "ఇది పిల్లలాడుకునేది అన్నా" అన్నాడు. పాతికేళ్లుగా రోటరీ పట్టిన చెయ్యి మరి.

ముందు నేర్చుకున్నది స్విచ్ గురించి. ప్యాడ్ మీద నాలుగు బఠాణీ గింజలంత కాంపౌండ్ పెట్టి, గాల్లో ఉండగానే స్విచ్ వేశాను. ఎర్ర బానెట్ మీద, నా చొక్కా మీద, భాయ్ టీ గ్లాసులో చుక్కలు. ప్యాడ్‌ని పెయింట్‌కి ఆనించి, ముందు స్విచ్ వేయకుండానే అక్కడక్కడ అద్ది, తర్వాత అతి తక్కువ స్పీడులో పరిచి, అప్పుడు స్పీడు పెంచాలి. తీసేటప్పుడూ అంతే, ఆగాకే ఎత్తాలి.

పది నిమిషాలకి ప్యాడ్ చూస్తే నిండా ఎరుపు. గుండె ఆగింది. భాయ్ నవ్వాడు. "దీని మీద క్లియర్, అదే రంగులేని పై పూత, లేదన్నా, రంగే పైన ఉంది. నీ కారుకి పైన క్లియర్ ఉంటది. అక్కడ ప్యాడ్‌కి నలుపు అంటిందంటే మాత్రం మెషీన్ ఆపి నా దగ్గరకి వచ్చెయ్." ఈ మాట నేను కొన్న ఏ వస్తువు డబ్బా మీదా లేదు.

తర్వాత అతనే బానెట్ అంచు మీద, ఆ మడత గీత మీద, తన రోటరీని కావాలని అయిదారు క్షణాలు ఆపి చూపించాడు. ఎరుపు పోయి కింద బూడిద రంగు ప్రైమర్ బయటపడింది. అంచుల మీద పెయింట్ పల్చగా ఉంటుంది, పైగా ప్యాడ్ ఒత్తిడంతా సన్నటి గీత మీదే పడుతుంది. ఇంటికొస్తూ మాస్కింగ్ టేపు నాలుగు చుట్టలు కొన్నాను.

డిసెంబర్ 7

తెల్లారి అయిదున్నరకే మొదలుపెట్టాను. ఈ నెలలో పొద్దున చల్లగా ఉంటుంది, పెయింటూ చల్లగా ఉంటుంది. మే నెలలో అయితే పాలిష్ ప్యాడ్ మీద పడకముందే ఎండిపోయేది.

రెండు బకెట్లతో వాష్, ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో గ్లవ్ కడిగే నీళ్లు. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఆరనిస్తే తెల్ల మచ్చలు, అందుకని వెంటనే తుడిచేశాను. తర్వాత క్లే, అంటే పెయింట్‌కి అంటుకుపోయిన మురికిని లాగే బంకమట్టి లాంటి ముద్ద. చేతికి పలుచటి ప్లాస్టిక్ కవర్ తొడిగి కడిగిన బానెట్ మీద నిమిరితే ఇసుక చల్లినట్టు తగిలింది. షాంపూ నీళ్లు చల్లుతూ క్లే ముద్ద జరిపాక అదే చోటు గాజులా జారింది. ముద్ద తిప్పి చూస్తే గోధుమరంగు. ఆ మురికిని అలాగే ఉంచి మెషీన్ పెట్టుంటే దాన్నే కారంతా రుద్దేవాణ్ణి.

కింద ఫ్లోర్ మాష్టారి అబ్బాయి పాత కార్లు కొని అమ్ముతాడు, వాళ్లింట్లో పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంది. అడిగి తెచ్చాను. రూఫ్ మీద 108, బానెట్ మీద 112, 115 మైక్రాన్లు. కుడివైపు వెనక డోర్ మీద 240. మూడేళ్ల కిందట ఆటో గీసుకుపోతే ఆ డోర్‌కి రీపెయింట్ చేయించాను, ఆ లెక్క సరిపోయింది. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మీటర్ ఏమీ చెప్పదు, కింద లోహం ఉండాలి. ప్రింటర్‌లో పెట్టే మామూలు ఎ4 కాగితం మందం 100 మైక్రాన్ల దరిదాపు. అంటే ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కలిపి కాగితమంత. అందులో నేను ముట్టుకోదగ్గ క్లియర్ మామూలుగా 40, 50 మైక్రాన్లు, అది కూడా మీటర్ విడిగా చూపించదు. ఆ అంకెలు చూశాక చెయ్యి తేలికైంది.

రబ్బరు బీడింగులకి, నల్ల ప్లాస్టిక్‌కి, అంచులకి టేపు వేసి, బానెట్ మధ్యలో అడుగున్నర చదరం గుర్తు పెట్టుకున్నాను. నియమం ఒకటే: అన్నిటికన్నా మెత్తని జోడీతో మొదలుపెట్టాలి, చాలకపోతేనే గట్టిది. మెత్త ప్యాడ్ మీద 205. నాలుగు సార్లు నిలువు, నాలుగు సార్లు అడ్డం, ప్రతి వరసా ముందు వరసని సగం కప్పుతూ. తుడిచి లైటు వేశాను. మెరుపు వచ్చింది, గీతలు అలాగే ఉన్నాయి. మధ్యరకం ప్యాడ్ మీద 205. సగం పోయాయి. మధ్యరకం మీదే కాంపౌండ్. గంధం బొట్టు దగ్గరి లోతు గీతలు రెండు తప్ప అన్నీ పోయాయి! నాలుగో వంతు ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), మిగతా డిస్టిల్డ్ వాటర్ కలిపిన స్ప్రేతో నూనెలు తుడిచి మళ్లీ చూశాను. గీతలు తిరిగి రాలేదు. రెండేళ్ల కిందట ఆ షాపులో ఈ స్ప్రే ఒక్కసారి కొట్టించి ఉంటే డబ్బులు మిగిలేవి.

గట్టి ప్యాడ్ ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదు.

అక్కడితో ఆపి లేచుంటే బాగుండేది. ఉత్సాహం కొద్దీ మిగతా బానెట్ మొదలుపెట్టాను. రెండో గడి బాగానే వచ్చింది. మూడోది అంతంతమాత్రం. నాలుగో దాంట్లో గీతలు అసలు కదల్లేదు, పైగా పేస్టు బంకగా సాగుతోంది. ముందు ఫెండర్ వంపు మీద ఇంకా ఘోరం, పావుగంట రుద్దినా గీత గీతలాగే ఉంది. మెషీన్‌కి బలం లేదనుకున్నాను. తొందరపడి చవకది కొన్నానని, రూపెస్ కొనుండాల్సిందని మా ఆవిడ దగ్గర ఏడ్చాను. "గ్రైండర్ ఇస్తానన్నాడుగా అన్నయ్య" అంది. నవ్వలేదు కూడా.

సాయంత్రం భాయ్‌కి ఫోన్ చేస్తే రెండే రెండు అడిగాడు. ప్లేట్ తిరుగుతోందా? ప్యాడ్ మార్చావా?

రాత్రి కిందకి దిగి బ్యాకింగ్ ప్లేట్ పక్క అంచు మీద తెల్ల మార్కర్‌తో అడ్డంగా ఒక గీత గీశాను. చదును మీద పెడితే ఆ గీత గిర్రున తిరుగుతూ కనిపించింది. ఫెండర్ వంపు మీద పెడితే వణుకుతోందే తప్ప తిరగట్లేదు. మెషీన్ మోత అదే, చేతికి అదురు అదే, పని మాత్రం సున్నా. ఒక అంచు ఎక్కువ నొక్కుకుంటే ప్యాడ్ ఆగిపోతోంది. ఒత్తిడి తగ్గించి, వంపుకి సమాంతరంగా మణికట్టు తిప్పుతూ వెళ్తే మళ్లీ తిరిగింది. ఆ గీతకి అయిన ఖర్చు అయిదు పైసలు ఉండదు.

ప్యాడ్ సంగతి పిండి చూస్తే తెలిసింది. నాలుగు గడుల కాంపౌండు, కారు నుంచి ఊడిన క్లియర్ పొడి, రెండూ కలిసి ఫోమ్ రంధ్రాల్లో గట్టిపడ్డాయి. తడిసి ముద్దయిన స్పాంజితో పలక తుడిచినట్టుంది నా పని.

డిసెంబర్ 14

వారం మధ్యలో మధ్యరకం ప్యాడ్‌లు అయిదు, మెత్తవి రెండు తెప్పించాను. పాత మూడుతో కలిపి మొత్తం పది. మెషీన్ ధరలో సగం వీటికే అయింది. మళ్లీ మొదలుపెట్టేట్టయితే ముందు ప్యాడ్‌లు, మంచి తువ్వాళ్లు, ఒక ఎల్‌ఈడీ లైటు కొని, మిగిలిన డబ్బుతో వచ్చే మెషీన్ కొంటాను.

ఇవాళ్టి పద్ధతి ఇది. ప్రతి గడి తర్వాత ప్యాడ్‌ని నైలాన్ బ్రష్‌తో రుద్దడం. రెండు ప్యానెల్‌లకి ఒక ప్యాడ్, తర్వాత బకెట్‌లోకి. స్పీడు 4, 5 మధ్య. చెయ్యి సెకనుకి అంగుళం. ఈ చివరిదే కష్టం. మనసు నేల తుడిచినట్టు గబగబా లాగమంటుంది. నోట్లో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుంటూ చేశాను. వాచ్‌మన్ చూసి జపం అనుకున్నాడు.

రూఫ్, బానెట్, ఎడమవైపు మొత్తం మధ్యాహ్నానికి అయిపోయాయి. ఆ మెషీనే, ఆ కాంపౌండే. పోయిన వారం బలం లేదని తిట్టింది దీన్నే.

కుడి వెనక డోర్ దగ్గర ఆట మారింది. మిగతా కారుకి కుదిరిన జోడీ ఇక్కడ పెడితే గీతలు పోయాయి కానీ మసక మిగిలింది, పొగమంచు పట్టిన అద్దంలా. రీపెయింట్ క్లియర్ కంపెనీ క్లియర్ కన్నా మెత్తగా ఉన్నట్టుంది. ఈ డోర్‌కి విడిగా మళ్లీ టెస్ట్ చేస్తే మధ్యరకం ప్యాడ్ మీద 205 ఒక్కటే చాలింది.

సాయంత్రం ప్యాడ్‌లన్నీ సబ్బుతో కడిగి, పిండకుండా నొక్కి నీళ్లు తీసి, బాల్కనీ తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేశాను. ఎదురింటావిడ చూసి మా ఆవిడని అడిగిందట, "అంత పెద్ద స్పాంజిలు ఏ గిన్నెలకండీ?" అని.

డిసెంబర్ 21

చివరి రోజు. బంపర్లు మిగిలాయి. ప్లాస్టిక్ వేడిని పంచుకోదు, పట్టిన చోటే దాచుకుంటుంది. అందుకని స్పీడు తగ్గించి, ప్రతి గడి తర్వాత అరచెయ్యి పెట్టి చూసుకున్నాను. గోరువెచ్చన దాటనివ్వలేదు. తర్వాత కారంతా మెత్త ప్యాడ్ మీద 205తో ఒక రౌండు. నలుపు రంగు లోతు ఇప్పుడు వచ్చింది. ట్యూబ్‌లైట్ రూఫ్ మీద కర్రలా తిన్నగా కనిపిస్తోంది, అంచులు చెదరకుండా. ఐపీఏ తుడుపు, పైన రక్షణ పూతగా ఒక సీలెంట్. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, పూయడం, తుడవడం.

బానెట్ మీద ఆ రెండు లోతు గీతలు, పెట్రోల్ మూత పక్కన గోరు తగిలే గీత ఒకటి అలాగే వదిలేశాను. గోరు తట్టుకుందంటే ఆ గీత క్లియర్‌లో చాలా లోతుకి దిగినట్టు. దాన్ని పూర్తిగా తీయాలంటే చుట్టూ అంత క్లియర్ నేను తీసేయాలి. కాగితం లెక్క గుర్తొచ్చి మెషీన్ ప్లగ్ పీకేశాను.

తుడిచే కుర్రాడు పొద్దున్నే గుడ్డ పట్టుకుని వచ్చాడు. డబ్బులు అవే, రోజూ తుడవద్దు, వారానికి రెండుసార్లు నీళ్లు పోసి కడుగు చాలన్నాను. గ్లవ్, రెండు బకెట్లు, రెండు మైక్రోఫైబర్ తువ్వాళ్లు ఇచ్చి ఎలా కడగాలో చూపించాను. వాడు రూఫ్‌లో తన మొహం చూసుకుని జుట్టు సర్దుకున్నాడు. "మరి దుమ్ము పడితే సార్?" అన్నాడు. ఉండనీ అన్నాను. నమ్మకం కుదరనట్టు గుడ్డని జేబులో పెట్టుకుని పక్క కారు దగ్గరకి వెళ్లాడు.